వృద్ధ తారల లెక్క



మనుష్యులకువలెనే నక్షత్రములకును బాల్యము, యౌవనము, వార్ధకము గలవన్న మనలో పెక్కండ్రు నమ్మజాలరు. పెండ్లినాడు మనకు చూపిన అరుంధతియే మన ముత్తవ్వలకును చూపబడినది. తరతరములు గడచినను చుక్కలు చుక్కలుగనే యుండుటచే వానికి చావుపుట్టుకలు లేవని తలచుట సహజమే. ఐనను నక్షత్రములు పుట్టుచున్నవి, పెరుగుచున్నవి, ముదియుచున్నవి, గతించుచున్నవి. వాని యాయువు కోట్ల సంవత్సరములు గనుక మన యొక్క జన్మమున అది తెలియరాదు, అంతియే భేదము. ఈ మాసమున మేము ముదిసిన పెద్దతారలను గూర్చియు, వానియొద్దనుండి వచ్చు నొక వింత పలుకును గూర్చియు, ఆ పలుకు నాధారముగా గొని వానిని లెక్కించుచున్నవారిని గూర్చియు ముచ్చటింపదలచితిమి. ఇట్టి లెక్కలో మన తెలుగుదేశపు పాలును గలదు.

"ఏమమ్మా, ఆకాశములో ముసలిచుక్కలెన్ని యున్న మనకేమి? ఆ లెక్కవలన మన గాదెలో నొక గింజయైన పెరుగునా?" అని మా వాడకట్టులోని పెద్దమ్మ యొకామె మమ్మడిగినది. పెరుగదు, నిజమే. కాని ఆ గింజయే యెక్కడిది? నిజాంసాగరు కాలువనీరు పాఱు మా నస్రుల్లాబాదు పొలములలో పండిన వడ్లగింజ నొకదానిని కాల్చిచూచిన నల్లని బొగ్గగును. ఆ బొగ్గునకు మూలమైన కర్బనములో పెద్దపాలు, సూర్యుడు పుట్టక పూర్వమే ముదిసిన తారలు తమ గర్భమున వండి వెదజల్లినదే. మన దేహములలోని కర్బనమును అట్టిదే. కాబట్టి ముసలితారల కథ పరుల కథ గాదు. మన పుట్టినింటివారి కథ యనవచ్చును.

తార ముదియుట యెట్టిదో మొదట తెలిసికొందము. సూర్యుని వంటి తార నడుమ ఉదజని యను వాయువు హీలియముగా మాఱుచుండును. ఆ మార్పువలన పుట్టు వేడిమియే మనకు వెలుగై వచ్చుచున్నది. సూర్యున కిప్పటికి 460 కోట్ల యేండ్లు నిండినవి. ఇంకను సుమారు 500 కోట్ల యేండ్లకు నడిమి యుదజని తీఱిపోవును. అప్పుడు తార యారిపోవునని మనము తలంతుము, అట్లు గాదు. నడిభాగము క్రుంగి మఱింత వేడెక్కును. పైభాగము ఉబ్బి చల్లబడి ఎఱ్ఱబాఱును. ఇట్లుబ్బిన తారను మహాతార యందురు. అది తుదిదశలో నెంత పెరుగుననగా, మన సూర్యుని స్థానమున నుంచినచో భూమి తిరుగు దారివఱకు నిండిపోగలదు. ఆ దశలో తార దీర్ఘముగా ఊపిరి తీసినట్లు నెలలకొలది ఉబ్బుచు, తగ్గుచు నుండును. ప్రతి యూపిరికిని తన పైపొరల వాయువును కొంచెముకొంచెముగా బయటికి పంపును. ఆ వాయువు దూరమేగి చల్లారినప్పుడు ఇసుకవంటి ధూళియు మసివంటి ధూళియు గట్టిపడి తారచుట్టును ముసుగై నిలుచును.

ఇట్టి తార నొకదానిని మనము మేడమీదినుండియే చూడవచ్చును. మార్గశిర పుష్యమాసములలో ప్రొద్దుగ్రుంకిన రెండుమూడు గడియలకు అశ్వినీ నక్షత్రమునకు దక్షిణముగా తిమింగిల మను రాశి కనబడును. అందులో మీరా యను తార యున్నది. 1596వ సంవత్సరమున దావీదు ఫాబ్రీసియసు అను జర్మను మతాచార్యుడు దానిని మొదట గుర్తించి, కొన్ని వారములకు అది మాయమైనదని వ్రాసియుంచెను. అది చచ్చిపోలేదు, కాంతి తగ్గి కంటి కానక, మరల తిరిగివచ్చెను. సుమారు 332 దినముల కొకమాఱు అది వెలిగి మలగుచుండును. "మీరా" యనగా లాటిను భాషలో అద్భుతమైనదని యర్థము. మన భక్తురాలు మీరాబాయి పేరునకును దీనికిని సంబంధము లేదు. వినుట కింపైన పోలిక మాత్రమే.

ఇట్టి తారలను కనుగొనుటలో మన దక్షిణదేశమువారును వెనుకబడలేదు. మద్రాసు నక్షత్రశాలలో సహాయకుడుగా నుండిన చింతామణి రఘునాథాచార్యులు 1867లో దక్షిణాకాశమున జాల మను చిన్న రాశియందు కాంతి మాఱు తార నొకదానిని కనుగొనిరి. అదియు మీరావంటి ముసలితారయే. సుమారు 280 దినముల కొకమాఱు దాని కాంతి హెచ్చి తగ్గును. ఆయన 1874 నాటి శుక్రగ్రస్త సూర్యగ్రహణమును గూర్చి సామాన్యజనులకై దేశభాషలలో పుస్తకము ప్రకటించిన మహనీయుడు.

మన స్త్రీజాతికి గర్వకారణమగు పేరొకటి యిక్కడ చెప్పక తీరదు. విలియమీనా ఫ్లెమింగు అను నామె స్కాట్లండు దేశమున 1857లో జన్మించెను. అమెరికాకు పోయిన పిమ్మట, గర్భవతిగా నున్నప్పుడు భర్త విడిచిపోగా, హార్వర్డు నక్షత్రశాలాధిపతి యగు పికెరింగుగారి యింట పరిచారికగా చేరెను. 1881 మొదలు నక్షత్రశాలలోనే గణనపని కామెను నియమించిరి. గాజుపలకలపై పడిన తారల వెలుగుచారలను భూతద్దముతో పరీక్షించి ఆమె 300కు పైగా కాంతి మాఱు తారలను కనుగొనెను. వానిలో పెక్కు మీరావంటి ముసలితారలే. ఇల్లు తుడిచిన చేయి ఆకాశమును తీర్చి లెక్కవ్రాసినది.

ఇక అసలు సంగతికి వత్తము. ముసుగు వేసికొన్న తారను కన్ను గాంచలేదు. అందును మన పాలవెల్లి నడిబొడ్డు మూల, పూర్వాషాఢల దిక్కున సుమారు 26,000 కాంతివత్సరముల దూరమున నున్నది. నడుమ ధూళిమేఘములు దట్టముగా క్రమ్మియున్నందున అక్కడి తారల వెలుగు మనకు చేరదు. చూపునకు దారి లేనప్పుడు చెవి యొగ్గవలయును గదా! శాస్త్రజ్ఞులు చేసిన దదియే. రేడియోతరంగములు ధూళిని చీల్చుకొని రాగలవు. ముసలితారలు అట్టి తరంగములను, తమ ముసుగులోని అణువుల మూలమున, మిక్కిలి బిగ్గరగా పంపుచున్నవి. ఈ పలుకునకే మేసరని పేరు.

మేసరనగా నేమో బతుకమ్మ యాటను తలచుకొన్న తేలికగా బోధపడును. స్త్రీలు వలయముగా నిలిచియున్నారు. అందఱి నోటను పాట సిద్ధముగానే యున్నది. ఎత్తుకొనువారు లేక నిలిచియున్నారు. ఒకామె పల్లవి నెత్తుకొనగనే ప్రక్కవారందుకొందురు. వారి తాళముతో తరువాతివారి చప్పట్లు కలియును. క్షణములో ఒక్క గొంతుక వేయి గొంతుకలై వాడకట్టంతయు మ్రోగును. అట్లే తార దగ్గఱ నున్న అణువులు తార వేడిమివలనను, ఒండొంటి తాకిడివలనను శక్తిని పొంది పైమెట్టున నిలిచియుండును. తగిన తరంగ మొకటి ప్రక్కనుండి పోవగనే అణువు క్రిందిమెట్టునకు దిగుచు సరిగా అట్టి తరంగమునే, అదే దిక్కున, అదే తాళమున విడుచును. ఒకటి రెండగును, రెండు నాలుగగును. ఇట్లు తరంగము పెరిగి పెరిగి కోట్ల కోట్ల మైళ్ళు దాటి మనకు చేరును. ఇట్టి ప్రేరణ సంభవమని ఐనుస్టైను 1917లోనే చెప్పెను. 1954లో టౌన్సు అను అమెరికా శాస్త్రజ్ఞుడు తన సహచరులతో గూడి అమోనియా వాయువుతో భూమిమీద మొదటి మేసరును నిర్మించెను. నేడు వైద్యులు కంటికి చేయు చికిత్సలో వాడు లేసరు దీని తమ్ముడే.

మనుష్యుడు నిర్మించిన పదునొకండేండ్లకే ప్రకృతి ఆ పనిని యుగయుగములనుండి చేయుచున్నదని తెలియవచ్చెను. 1965లో ఆకాశమేఘములయందును, 1968లో ముసలితారలయందును ఉదజని ప్రాణవాయువుల జంటయణువు పలుకు వినబడినది. 1969లో నీటియావిరి పలుకును, 1974లో సిలికాన్ మోనాక్సైడు పలుకును వినిరి. సిలికానన మన వాకిట ముగ్గుపిండిలోను, ఏటియిసుకలోను ఉండు పదార్థమే. అది ప్రాణవాయువుతో జతగూడినప్పుడు ఈ యణువగును. తారకు మిక్కిలి దగ్గఱగా సిలికాన్ మోనాక్సైడును, కొంత దూరమున నీటియావిరియు, బహుదూరమున జంటయణువును పలుకును. ఇంటిలో పూజగది, నడవ, వాకిలి యున్నట్లు ముసలితార ముసుగులోను మూడు స్థలములున్నవి. ఏ పలుకు వినబడిన ఆ స్థలపు సమాచారము తెలియును.

ఇందొక చక్కని యుపాయము చెప్పెదము. జంటయణువు పలుకు తఱచుగా రెండు శిఖరములుగా వచ్చును. ఒకటి ముసుగులో మనవైపు వచ్చుచున్న భాగమునుండి, రెండవది ఆవలివైపు పోవుచున్న భాగమునుండి. కామారెడ్డి స్టేషనులో నిలిచి విన్నప్పుడు వచ్చుచున్న రైలుకూత సన్నగాను, పోవుచున్న రైలుకూత బొంగురుగాను వినబడుట మనమెఱుగుదుము, ఇదియు నట్టిదే. తార కాంతి హెచ్చినప్పుడు ఈవలి పలుకు ముందు హెచ్చును. ఆవలి పలుకు కొన్ని దినములు లేదా వారములు వెనుకగా హెచ్చును. ఆ యాలస్యమెంతయో లెక్కించిన ముసుగు వెడల్పు తెలియును. కొలబద్ద పెట్టకయే, దినములు లెక్కించి, తార చీరకొంగు పొడవు కనుగొన్నట్లైనది!

ఒక్క తారను గూర్చి తెలిసికొనుట యొకపని. దేశమందలి వృద్ధులనందఱిని లెక్కించుట వేఱొకపని. జపాను దేశమున నోబెయామాలోని 45 మీటర్ల రేడియో దూరదర్శినితో కొందఱు శాస్త్రజ్ఞులు ముసలితారలను వందలుగా విని పట్టికలు కట్టిరి. ఆ పిమ్మట అంతకంటె పెద్ద పనికి బూనుకొన్నది, లొరాంటు షౌవెర్మను, ఇల్వా పీల్‌స్ట్రోం అనువారు నడిపిన బాడె సర్వే. పీల్‌స్ట్రోం అమెరికాలో న్యూమెక్సికో విశ్వవిద్యాలయమున ఆచార్యపదవి నలంకరించిన విదుషీమణి. 1996లో పంపిన యొక కృత్రిమోపగ్రహము పాలవెల్లి వెంబడి వేడిమిని మాత్రము చూచి తారల పట్టిక తయారుచేసెను. ఆ పట్టికనుండి ముసలివని తోచిన సుమారు 28,000 తారల నేర్చి, ఒక్కొక్కదానివైపు చెవి యొగ్గుట వారి సంకల్పము.

దీనికై న్యూమెక్సికో మైదానమున 25 మీటర్ల వెడల్పుగల 27 పళ్ళెములను గూర్చిన దూరదర్శినిని, అక్కడికి కానరాని దక్షిణపు తారలకై చిలీ దేశమున 5,000 మీటర్ల యెత్తున నున్న 66 పళ్ళెముల ఆల్మాను వినియోగించిరి. మొదటిదానిలో వినునది సెకనునకు 4,300 కోట్ల మాఱులు ఊగు తరంగము. దాని పొడవు మన వడ్లగింజ యంత. ఆల్మాతో వినునది దానిలో సగము. ఒక్కొక్క తారకు నిమిషమునకు మించని కాలము చాలును. అట్లు విన్నవానిలో సగమునకు పైగా తారలు పలికినవి. పలికిన ప్రతి తారయు తన వేగమును తానే చెప్పుచున్నది. రైలుకూత న్యాయమే యిక్కడను పనికివచ్చును. వేల తారల వేగములు కూర్చిచూచిన పాలవెల్లి నడిబొడ్డు ఎట్లు తిరుగుచున్నదో, అక్కడి బరువెంతయో లెక్కకట్టవచ్చును. ఆ నడిబొడ్డు గుండ్రముగాక దూలమువలె నిడుపుగా నున్నదని పూర్వమే తెలిసినది. ఆ దూలము తిరుగు తీరును ముసలితారల పలుకు విప్పిచెప్పుచున్నది. ఊరి చరిత్ర తెలియగోరిన ఊరిలోని వృద్ధుల నడుగవలయునన్న మాట ఆకాశమునను చెల్లుచున్నది.

పలుకని తారల మాట యేమని మీరడుగవచ్చును. లెక్కలో అవియు చేరవలసినవే. ముసుగులో ప్రాణవాయువుకంటె కర్బనమధికమైన తారలు ఈ సిలికాన్ పలుకును పలుకవు. కొన్ని తారలు ఊపిరి తగ్గిన వేళ మౌనముగ నుండి మఱియొకప్పుడు పలుకును. కావున "వినబడలేదు" అని వ్రాసిన గడియు వట్టిగడి కాదు. ఇంటి పద్దులలో రాబడి లేని దినమును గూడ తేదీ వేసి వ్రాసిన గృహిణికి ఈ మాట విలువ చక్కగ తెలియును. మఱచి విడిచిన గడికిని, చూచి సున్న వేసిన గడికిని ఎంత భేదము!

ఇట్టి లెక్క మన దేశమునను జరిగినదని మొదట చెప్పితిమి. 1887లో పారిసు నగరమున పలుదేశముల శాస్త్రజ్ఞులు చేరి, ఆకాశమునంతయు ముక్కలుగా పంచుకొని గాజుపలకలపై ఛాయాచిత్రములు తీసి తారల స్థానములను కొలువ నిశ్చయించిరి. హైదరాబాదులో నవాబు జఫరు జంగుగారు 1901లో స్థాపించిన నక్షత్రశాల, వారి మరణానంతరము 1908లో ప్రభుత్వమువారి చేతికి వచ్చి నిజామియా నక్షత్రశాలగా బేగంపేటలో వెలసెను. దక్షిణమున 17 మొదలు 23 అంశములవఱకు గల పట్టీ దాని పాలికి వచ్చెను. ఆ పట్టీలో పాలవెల్లి నడిబొడ్డునకు సమీపమైన దట్టమైన భాగమును గలదు. చాట్‌వుడ్డు, పోకాకు, భాస్కరను అను అధిపతుల కాలమున ఆ పని సాగినది. పోకాకుగారు 1918లో పదవిలో నుండగనే మరణించిరి. భాస్కరనుగారి కాలమున కాంతి మాఱు తారలను విడువక చూచు పనియు సాగెను. దక్షిణపు పట్టీ ముగిసిన పిదప ఉత్తరమున 36 మొదలు 39 అంశముల పట్టీని గూడ వారే పూర్తిచేసిరి. లక్షలకొలది తారల స్థానములు 12 సంపుటములుగా 1917 మొదలు 1946 వఱకు అచ్చయినవి.

ఆ మహాకార్యముననే రోము నగరపు వాటికను నక్షత్రశాల పాలికి వచ్చిన పట్టీని కొలిచినవారు నలుగురు సన్యాసినులు. 1910 మొదలు 1921 వఱకు పలకలముందు కూర్చుండి వారు 4,81,215 తారల స్థానములు పరిశీలించి వ్రాసిరి. వారి పేర్లు 2016 వఱకు లోకమునకు తెలియలేదు. ఎమీలియా పొంజోనీ, రెజీనా కొలొంబో, కొంచెట్టా ఫినార్డీ, లూయిజా పాంచెరీ యని వారి నామములు. ఈ నాలుగు పేర్లను మన సోదరీమణులు ఒక్కమాఱైన పైకి చదువవలెనని మా కోరిక.

ఆ సంపుటములను చూచి, ఇన్నియేండ్ల ధనవ్యయము దేనికని నవ్వినవారు లేకపోలేదు. అరువది డెబ్బది యేండ్లు అవి బీరువాలలో నిద్రించినవి. కాని ఉపగ్రహములు తారల నూతన స్థానములను కొలిచినప్పుడు, నూఱేండ్ల నాటి స్థానముతో పోల్చినగాని తార యేవైపు జరిగెనో తెలియదని తోచెను. అప్పుడు ప్రపంచమున నన్ని పట్టీల సంపుటములను దించి యంత్రములలో చేర్చిరి. 2000లో ప్రకటితమైన టైకో-2 పట్టికలో 25 లక్షల తారల గమనములు కలవు. దానికి పునాదులలో హైదరాబాదువారు కొలిచిన సంఖ్యలొకటి. మామిడిటెంక నాటిన చేయి వేఱు, పండు తిన్న నోరు వేఱు. ఐనను చెట్టు చెట్టే.

ఆ నక్షత్రశాల నీడనే పెరిగినవాడు వేణు బాప్పు. ఆయన తండ్రి యక్కడ ఉద్యోగి. నిజాం కళాశాలలో చదువుకొని, 1949లో హార్వర్డునకు పోయెను. ముదిసి చల్లబడిన తారల వెలుగులో కాల్షియము చూపు సన్నని గీత వెడల్పునుబట్టి ఆ తార నిజకాంతి ఎంతయో చెప్పవచ్చునని ఓలిను విల్సనుతో గూడి 1957లో ప్రకటించెను. నిజకాంతి తెలిసిన దూరము తెలియును. ముసలితారల నర్థము చేసికొనుటలో ఇదియు మనవారిచ్చిన గొప్ప సాధనము.

ఇంత శ్రమతో వినుచున్న ఈ పలుకునకు నేడు ఆపదయు గలదు. 1990 ప్రాంతపు తుదిలో పంపిన ఇరిడియ మను ఉపగ్రహముల మాటలు, జంటయణువు పలుకు స్థానమునకు ప్రక్కనే యుండి, దానిలోనికి పొంగి శాస్త్రజ్ఞులను బాధించినవి. ముసలివారు మెల్లగా మాటాడుచుండగా ప్రక్కగదిలో వాద్యములు మ్రోగించినట్లైనది. ఆకాశమున నిశ్శబ్దమును కాపాడుటయు నొక ధర్మమే. దానికై దేశములన్నియు కలిసి నియమములు చేయుచున్నవి. వాని నమలుపఱచుటకు జనుల మెలకువయు కావలెను.

ఇదంతయు పెద్దశాలలలోని మాటయేగాని మనము చేయగలదేమని నిరుత్సాహపడ నక్కఱలేదు. మీరా తారను చూచుటకు యంత్రముతో పని లేదు. ఒక నోటుపుస్తకము తీసికొని, వారమున కొకరాత్రి, అది కనబడెనా, ప్రక్కతారలలో దేనికంటె హెచ్చు, దేనికంటె తక్కువ యని తేదీతో వ్రాసికొనుడు. కనబడనినాడు కనబడలేదనియే వ్రాయుడు. 1911లో అమెరికాలో స్థాపింపబడిన చరతారా పరిశీలకుల సంఘము ఇట్టి గృహస్థుల పుస్తకములనుండియే గొప్ప భాండారమును కూర్చినది. మేసరులను వినువారు తార యూపిరి ఏ దశలో నున్నదో తెలిసికొనుటకు అట్టి వ్రాతలనే వెదకుదురు. మీ యింట చదువుకొను ఆడపిల్ల యున్నచో ఆ పుస్తకము నామె చేతికిండు. పదునొకండు నెలలు విడువక వ్రాసినచో ఒక వృద్ధతార యొక్క నిండుశ్వాసను ఆమె తన కన్నులతో కొలిచినదగును. ఆ పిల్ల యేనాడైన నక్షత్రశాల మెట్లెక్కిన, ఆమె మొదటి పుస్తకము మన మేడమీదనే వ్రాయబడినదని మనము సంతోషింపవచ్చును.